టెక్ సందేహాలు: ఔటర్ మీద చల్లగా, సిగ్నల్ దగ్గర వేడిగా

ప్రశ్న: మాది కొండాపూర్. 2003 మోడల్ పోర్షే బాక్‌స్టర్ ఎస్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎంతసేపు నడిపినా టెంపరేచర్ ముల్లు కదలదు. అదే బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఇరుక్కున్నానంటే మెల్లగా ఎక్కుతుంది. ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ అంకెల్ని ఫోన్‌కి పంపే చిన్న పరికరం) పెట్టి ఫోన్‌లో చూస్తే 108 దాకా పోయి, కాసేపటికి గబగబా 96కి దిగింది. మెకానిక్‌ని అడిగితే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్ వైపు వదిలే కవాటం) పీకేద్దాం అంటున్నాడు. యాప్‌ని నమ్మాలా, మెకానిక్‌నా?

జవాబు: రోజూ స్టోరేజ్ నిండిపోయిన ఫోన్ల గురించే రాసీ రాసీ విసుగొచ్చింది, మంచి ప్రశ్న అడిగారు. ఈ విషయంలో యాప్‌నే నమ్మండి. ఇంజిన్ కంప్యూటర్ ఏ సెన్సార్ చూసి పనిచేస్తుందో, మీ ఫోన్‌కి వచ్చేదీ దాని అంకే. ఓబీడీ ప్రమాణంలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి ఒక్క బైట్‌గా వస్తుంది, అందులోంచి 40 తీసేస్తే సెల్సియస్ డిగ్రీలు, అంటే కారు 148 పంపిస్తే యాప్ 108 అని చూపిస్తుంది. డాష్‌బోర్డు ముల్లు సంగతి అలా కాదు. డ్రైవర్ కంగారు పడకుండా, కొన్ని డిగ్రీలు అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలబడేలా చాలా కార్లలో తయారుచేస్తారు.

అయితే అసలు చూడాల్సింది ఎంత ఎక్కింది అని కాదు, ఎప్పుడు ఎక్కింది అని. వందలో వెళ్తున్న ఇంజిన్, సిగ్నల్ దగ్గర ఊరికే తిరిగే ఇంజిన్ కంటే చాలా ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఆ వేడినంతా మీ కారు ఔటర్ మీద హాయిగా వదిలించుకుంటోందంటే థర్మోస్టాట్ తెరుచుకుంటోందనీ, వాటర్ పంప్ తిప్పుతోందనీ, రేడియేటర్లలో నీళ్లు పారుతున్నాయనీ అర్థం. ఆగినప్పుడు లేనిది గాలి ఒక్కటే, ఆగిన కారుకి గాలి ఇవ్వాల్సింది ఫ్యాన్లు. కాబట్టి థర్మోస్టాట్ జోలికి పోనివ్వకండి. పైగా చాలా యూరప్ ఇంజిన్లలో అది తెరుచుకుంటూనే రెండో పక్క బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే వేడి కూలెంట్ కొంత రేడియేటర్ దాకా పోకుండానే ఇంజిన్‌లోకి తిరిగొస్తుంది, ఉన్న సమస్య ఇంకాస్త పెరుగుతుంది.

మీరు రాసిన దాంట్లో నాకు బాగా పనికొచ్చిన మాట "గబగబా దిగింది" అన్నది. ఈ కారులో ఇంజిన్ మధ్యలో ఉన్నా రేడియేటర్లు మాత్రం ముందు బంపర్ వెనకాల, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి (ఎస్ మోడల్‌కి నడుమ మూడోది కూడా). ఆ పక్కల ఉన్న రెండు ఫ్యాన్లకీ రెండు స్పీడులు. తక్కువ స్పీడు, కరెంటుని తగ్గించే ఒక రెసిస్టర్ మీదుగా నడుస్తుంది, ఎక్కువ స్పీడుకి దానితో పని లేదు. ఏళ్ల తరబడి బురద, నీళ్లు, వేడి తిని ఆ రెసిస్టర్ పోతే తక్కువ స్పీడు చచ్చిపోతుంది, వేడి బాగా పెరిగాక ఎక్కువ స్పీడు ఒక్కసారి అందుకుని కిందికి లాగేస్తుంది. గ్రాఫ్ గీస్తే రంపం పళ్లలా కనిపిస్తుంది. మీ 108, 96 ఆ పళ్లే అని నా అనుమానం.

రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి ఏసీ వేయండి. ఏసీ నడుస్తుంటే రెండు ఫ్యాన్లూ తక్కువ స్పీడులో తిరగాలి. బంపర్ ముందు గొంతుక్కూర్చుని ఒక్కో పక్కా చెవి పెట్టి వినండి, చెయ్యి మాత్రం లోపల పెట్టకండి. ఒక పక్క చప్పుడు లేకపోతే దొంగ దొరికినట్టే. రెండూ తిరుగుతుంటే మాత్రం బంపర్ విప్పించక తప్పదు. రేడియేటర్‌కి ముందు ఏసీ కండెన్సర్ ఉంటుంది, ఆ రెండింటి సందులో ఎండుటాకులు మెత్తలా పేరుకుంటాయి. ఏ కానుగ చెట్టు కిందో పార్కింగ్ అయితే ఇక చెప్పక్కర్లేదు. బయట నుంచి నీళ్లు కొడితే ఆ చెత్త రాదు, ప్రెషర్ ఎక్కువైతే రేకులు వంగుతాయి కూడా.

ఇక మీ డాంగిల్‌తో ఇంకో పని చేయొచ్చు. చాలా యాప్‌లలో లాగింగ్ ఉంటుంది. కూలెంట్ వేడి, స్పీడు, ఆర్‌పీఎం మూడూ సెకనుకోసారి రికార్డయ్యేలా పెట్టి, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ మీద వెళ్లి, తిరుగు దారిలో ఆరాంఘర్, మెహదీపట్నం మీదుగా సాయంత్రం ట్రాఫిక్‌లో రండి. ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి గ్రాఫ్ గీస్తే స్పీడు సున్నా అయినప్పుడల్లా వేడి ఏం చేస్తోందో తెలిసిపోతుంది, మెకానిక్‌తో వాదించే పని కూడా ఉండదు. ఒకవేళ దీనికి తిరగబడి, స్పీడులో ఎక్కి, ఆగితే దిగుతుంటే అది వేరే కథ: లోపల పూడుకుపోయిన రేడియేటర్ కావచ్చు, రెక్కలు విరిగిన పంప్ కావచ్చు.

కూలెంట్ తగ్గుతోందేమో కూడా చూడండి. దాని ట్యాంకు వెనక డిక్కీలో ఉంటుంది, పాతబడితే పగుళ్లు రావడం మామూలే. కార్పెట్ తడిగా, తియ్యటి వాసనగా ఉంటే అదే. వేడి మీద మూత తిప్పకండి, ఒత్తిడికి కూలెంట్ మొహాన చిమ్ముతుంది. తగ్గింది కదా అని అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు పోయకండి, మన బోరు నీళ్లలో ఉన్న ఉప్పంతా రేడియేటర్ గొట్టాల్లో గార కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కారుకి సరిపడే కూలెంట్ చెరి సగం. ఈలోపు ట్రాఫిక్‌లో 115 వైపు పోతుంటే మాత్రం ఇంటికెళ్లి చూద్దాంలే అనుకోవద్దు. పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి.

ప్రశ్న: ఇలాంటి డాంగిలే కొన్నాను, అన్నయ్య ఆండ్రాయిడ్ ఫోన్‌కి కనెక్ట్ అవుతోంది, నా ఐఫోన్‌కి కావట్లేదు. డాంగిల్ పాడైందా?
– ఉప్పల్ నుంచి ఓ పాఠకురాలు

జవాబు: పాడవలేదు. చౌక డాంగిళ్లలో చాలావాటికి పాత రకం బ్లూటూతే ఉంటుంది, ఐఫోన్ యాప్‌లు దానితో మాట్లాడలేవు. మీకు కావాల్సింది బ్లూటూత్ ఎల్ఈ అని రాసి ఉన్నది, లేదా వైఫై రకం. వైఫైది తీసుకుంటే ఫోన్ డాంగిల్ నెట్‌వర్క్‌లో ఉన్నంతసేపూ ఇంటర్నెట్ ఇబ్బంది పెట్టొచ్చు, మ్యాప్స్ కావాలంటే మొదటిదే మేలు. ఏది కొన్నా, కారు వారానికోసారి తీసే రకమైతే పార్క్ చేయగానే పీకి జేబులో వేసుకోండి, బ్యాటరీ తాగేస్తుంది.