పున్నప్ర–వయలార్: తుపాకుల మీదికి వక్క బల్లేలతో ఎందుకు వెళ్లారు?

"తుపాకులున్న పోలీసుల మీదికి వక్క బల్లేలు పట్టుకుని వెళ్లడం తెలివితక్కువ పని కాదా?" అని ఇప్పటి కేరళలో 1946లో కూలీలు, కార్మికులు చేసిన పున్నప్ర–వయలార్ తిరుగుబాటు గురించి ఒకరు అడిగారు. ముందు బియ్యం సంగతి తెలిస్తేగాని ఆ బల్లెం అర్థం కాదు.

తిరువాన్కూరు సంస్థానం, అంటే ఇప్పటి కేరళ దక్షిణ భాగం, చాలావరకు బర్మా బియ్యం మీద బతికేది. 1942లో బర్మా జపాన్ చేతికి పోగానే అది ఆగిపోయింది. చేర్తల ప్రాంతం ఆకలితో అల్లాడింది. కూలీల గుడిసెలేమో జన్మీల, అంటే భూస్వాముల నేలలో ఉండేవి. ఎదురు తిరిగితే కూలితో పాటు గుడిసె కూడా పోయేది. అందుకే అలెప్పీ (ఇప్పటి ఆలప్పుళ) కొబ్బరిపీచు ఫ్యాక్టరీల కార్మికులతో పాటు పొలం కూలీలు, చేపలు పట్టేవాళ్లు కూడా కదిలారు. పీచు కార్మికులకు 1922 నుంచే సంఘం ఉంది, సమ్మె వాళ్లకు కొత్త కాదు.

దీని మీద 1946లో దివాన్, అంటే సంస్థానం ప్రధానమంత్రి, సి.పి. రామస్వామి అయ్యర్ 'అమెరికన్ మోడల్' తెచ్చారు. అందరికీ ఓటు ఇస్తారు, గెలిచిన సభకు మాత్రం దివాన్‌ను దించే అధికారం ఉండదు. "అమెరికన్ మోడల్ అరేబియా సముద్రంలోకి" అన్న నినాదం అలా పుట్టింది.

ఇక బల్లెం. మలయాళంలో వారిక్కుంతం అంటారు, కుంతం మనకూ తెలిసిన మాటే. వక్కమానును నిలువునా చీల్చి, కొన చెక్కితే సిద్ధం. చేతికి సులువుగా అందే ఆయుధం అది. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లు వాటితో కవాతు నేర్పారు, కాల్పులు మొదలైతే నేలకు ఆనుకుని పాకాలని చెప్పారు. అక్టోబర్ 24న పున్నప్ర పోలీసు క్యాంపు మీద ఆ పద్ధతి కొంత పనిచేసింది. ఇన్‌స్పెక్టర్‌తో సహా పోలీసులు కూడా చనిపోయారు. మరునాడే అంబలప్పుళ, చేర్తల తాలూకాల్లో సైనిక శాసనం పెట్టారు.

వయలార్ వేరే చోటు. పున్నప్ర అలెప్పీకి దక్షిణాన ఉంటే, ఇది ఉత్తరాన చేర్తల దగ్గర ఉంది. చుట్టూ ఉప్పుటేటి నీళ్లు, మలయాళంలో కాయల్ అంటారు. పోలీసులు సులువుగా రాలేరని అక్కడ శిబిరం పెట్టుకున్నారు. 27న సైన్యం పడవల్లో వచ్చేసరికి కాపాడాల్సిన నీళ్లే దారి మూసేశాయి. దూరం నుంచి మెషిన్‌గన్ పేలుతుంటే పాకి ఎక్కడికి పోతారు? మృతుల లెక్క మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

అదే ఏడు జూలై 4న మన కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ పోరాటం దళాలుగా ఊళ్లు మారుతూ 1951 దాకా సాగింది. వయలార్ వాళ్లకు వెనక్కి తగ్గడానికి ఊరు గాని అడవి గాని లేవు. నా దృష్టిలో లోపం ధైర్యంలోనో తెలివిలోనో లేదు, ఒకే చోట గుమిగూడి నిలవడంలో ఉంది.