రూట్ ఫోన్‌లో అప్‌డేట్ ఆగిపోతుంటే

అన్నా, మ్యాజిస్క్ అనే యాప్‌తో రూట్ చేసిన (అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్న) ఫోన్‌లో అప్‌డేట్ డౌన్‌లోడై ఇన్‌స్టాల్ దగ్గర ఆగుతోందని, నల్గొండ క్లాక్ టవర్ దగ్గరి షాపులో ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నారని రాశారు. ఫార్మాట్ అక్కర్లేదు, టెన్షన్ పడకండి. రూట్ చేస్తే బూట్ ఇమేజ్, అంటే ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు మొదట నడిచే సిస్టమ్ ఫైల్, మారుతుంది. అప్‌డేట్ దాన్ని అసలు ఇమేజ్‌తో పోల్చి చూసి, తేడా కనబడగానే ఆగిపోతుంది.

మీది రెండు స్లాట్ల ఫోనే (సిస్టమ్‌కు రెండు చోట్లు ఉంటాయి, ఒకటి వాడుతుంటే అప్‌డేట్ రెండోదాంట్లో ఎక్కుతుంది) కాబట్టి పని సులువు. మ్యాజిస్క్ యాప్‌లో 'అన్‌ఇన్‌స్టాల్' నొక్కి 'రీస్టోర్ ఇమేజెస్' ఎంచుకోండి. పేరు చూసి భయపడొద్దు, రీస్టార్ట్ చేయనంతవరకు రూట్ పోదు. తర్వాత సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పెట్టండి. అయ్యాక 'రీస్టార్ట్' బటన్ ఊరిస్తుంది, ముట్టుకోవద్దు! మళ్లీ మ్యాజిస్క్‌లో 'ఇన్‌స్టాల్ టు ఇనాక్టివ్ స్లాట్' కొట్టాకే రీబూట్.

'స్టాక్ బ్యాకప్ లేదు' అని వస్తే, ఇప్పుడున్న వెర్షన్ ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చే సిస్టమ్ ఫైళ్ల ప్యాకేజీ) లోని అసలు బూట్ ఇమేజ్‌ను ల్యాప్‌టాప్ నుంచి ఫాస్ట్‌బూట్ అనే టూల్‌తో ఎక్కించాలి. ఆండ్రాయిడ్ 13తోనే వచ్చిన ఫోన్లలో చాలావాటికి ఎక్కించాల్సింది 'బూట్' కాదు, 'ఇనిట్ బూట్' ఫైల్. ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఫొటోలు ముందే కాపీ చేసుకోండి. డెవలపర్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ కూడా ఆపేయండి.