యాస రాసే ముందు

చిరంజీవికి,

నీ కథ, దాంతోపాటు పంపిన ఉత్తరం అందాయి. పాత్రల చేత యాసలో మాట్లాడించాలా వద్దా అని అడిగావు. మాట్లాడించు. నా జవాబులో సందేహం ఏమీ లేదు. అయితే ఎవరి చేత, ఎలా అన్న దగ్గర నీ కథ నన్ను ఆపేసింది. ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

నీ డాక్టరు "నేను ఇప్పుడే వస్తున్నాను, ఏమిటి విషయం?" అంటాడు. ఆయా "వత్తన్నానయ్యా, ఏటైంది?" అంటుంది. రెండూ పైకి చదివి చూడు. హడావిడిలో ఉన్న డాక్టరు ఎవరూ అలా మాట్లాడరు. "వస్తున్నా, ఏంటి?" అంటారు. మాట్లాడేటప్పుడు అక్షరాలు మింగడం మనందరికీ ఉన్నదే. నువ్వేమో డాక్టరు మింగినవన్నీ ఏరి తెచ్చి మళ్ళీ అతని మాటల్లో పేర్చావు, ఆయా మింగినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాశావు. రెండు పేజీలు తిరిగేసరికి పాఠకుడికి ఆమె అమాయకురాలైపోయింది, ఆమె ఏ తెలివితక్కువ పనీ చేయకుండానే. చివర్లో, మందు మారిపోయిందని అందరికంటే ముందు పసిగట్టింది ఆయానే అని తెలిసినప్పుడు పాఠకుడు ఉలిక్కిపడతాడు. ఎందుకు ఉలిక్కిపడతాడు? అలా మాట్లాడే మనిషికి అంత తెలివి ఉంటుందని అతను అనుకోలేదు. నీ కథలో మలుపు ఆ చిన్నచూపు మీదే ఆధారపడింది. నీకు ఆయా మీద ఎంతో గౌరవం ఉందని ప్రతి పేజీలో తెలుస్తోంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చెవికి ఈ అలవాటు ఎంత లోతుగా ఉందో తెలియాలంటే 1960లో కెనడాలోని మాంట్రియల్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త వాలెస్ లాంబర్ట్ బృందం చేసిన పని చూడాలి. రెండు భాషలూ బాగా వచ్చిన వాళ్ళ చేత ఒకే భాగాన్ని ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి చదివించి రికార్డు చేశారు. విన్నవాళ్ళకు అవి వేర్వేరు మనుషుల గొంతులు అనిపించాయి. గొంతును బట్టి మనిషి ఎలాంటివాడో చెప్పమంటే, ఇంగ్లీషు గొంతు వాడికి తెలివి ఎక్కువ, నమ్మదగ్గవాడు అన్నారు. పొడుగరి అని కూడా అన్నారు! ఫ్రెంచి సొంత భాషగా ఉన్న విద్యార్థులు సైతం ఫ్రెంచి గొంతుకే తక్కువ వేశారు. నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం అది. చిన్నచూపు చూసేవాళ్ళ అభిప్రాయం, చూడబడే వాళ్ళ చెవిలోకి కూడా చేరిపోతుంది.

అమెరికాలో డొనాల్డ్ రూబిన్ అనే పరిశోధకుడు 1992లో అచ్చువేసిన ప్రయోగం ఇంకా దగ్గరిది. విద్యార్థులకు ఒక పాఠం టేపు వినిపించారు. గొంతు అమెరికాలో పుట్టి పెరిగిన మనిషిదే. కొందరికి తెల్లజాతి మనిషి ఫొటో, కొందరికి ఆసియా మనిషి ఫొటో చూపించారు. ఆసియా ముఖం చూసినవాళ్ళకు ఆ టేపులో పరాయి యాస వినిపించింది. పాఠం కూడా వాళ్ళకు తక్కువే అర్థమైంది. కథలో ఆ ఫొటో పని చేసేది మనం పాత్రకు పెట్టే హోదా. "ఆయా" అన్న మాట పడగానే పాఠకుడి చెవి సగం తీర్పు ఇచ్చేస్తుంది. మిగతా సగం మన అక్షరాలతో మనమే పూర్తి చేయకూడదు.

కొన్ని ఉచ్చారణలు సహజంగానే మొరటుగా ఉంటాయని నీతో ఎవరైనా వాదిస్తే ఇంగ్లీషులో 'ర' సంగతి చెప్పు. ఇంగ్లండులో 'కార్' లాంటి మాటల చివర 'ర' పలక్కపోవడం పెద్దింటి చదువుకు గుర్తు. న్యూయార్క్‌లో సరిగ్గా తలకిందులు. 1962లో భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ అక్కడి మూడు పెద్ద దుకాణాలకు వెళ్ళి, నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఎక్కడుందని గుమాస్తాలను అడిగాడు. 'ఫోర్త్ ఫ్లోర్' అన్న జవాబులో 'ర' పలుకుతున్నారో లేదో వినడమే ఆయన పని. దుకాణం ఎంత ఖరీదైనదైతే 'ర' అంత ఎక్కువగా పలికింది. శబ్దం ఒక్కటే, ఒక చోట గొప్ప, ఇంకో చోట నామోషీ. దాని విలువ కట్టేది పలికేవాళ్ళ హోదా, డబ్బు.

ఇదంతా నవ్వులతో ఆగిపోతే ఇంత బాధపడక్కర్లేదు. అమెరికాలో భాషాశాస్త్రవేత్త జాన్ బా, ఆయన సహచరులు 1999లో బయటపెట్టిన అధ్యయనంలో ఒకే మనిషి అద్దె ఇళ్ళ కోసం మూడు రకాల ఇంగ్లీషు యాసల్లో ఫోన్లు చేశాడు. తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్లో, నల్లజాతి యాసలోనూ మెక్సికన్ మూలాలున్న వాళ్ళ యాసలోనూ అడిగినప్పుడు ఇల్లు చూడ్డానికి రమ్మన్నవాళ్ళు బాగా తగ్గిపోయారు. ముఖం చూడకుండానే తలుపు మూసేశారు.

అందుకే, యాస రాసేటప్పుడు అందరి చేతా యాసలోనే మాట్లాడించు. డాక్టరుకూ ఒక యాస ఉంటుంది, అదేమిటో పట్టుకో. కథ చెప్పే గొంతుకూ ఇవ్వు. కథనం అంతా పుస్తక భాషలో నడిచి, కొటేషన్ల మధ్య మాత్రమే యాస కనిపిస్తే అది అద్దాల బీరువాలో పెట్టిన బొమ్మలా ఉంటుంది. అక్షరాలు విరిచినంత మాత్రాన యాస రాదు. దానికి తనదైన వ్యాకరణం, సామెతలు, తిట్లు, ముద్దుపేర్లు ఉంటాయి. క్రియ చివర ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా రాస్తే ఆ యాస మాట్లాడేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. నీది కాని యాస అయితే అది మాట్లాడే మనిషికి చదివి వినిపించు. వాళ్ళు మొహమాటానికి "బాగుంది" అంటే సరిపోదు, "మేం ఇలా అనం" అని దిద్దేదాకా కూర్చో. ఇక, యాస మాట్లాడే మనిషి చేత హాస్యం, ఏడుపు మాత్రమే కాకుండా లెక్కలు, తర్కం, అధికారం కూడా మాట్లాడించు. మన కథల్లో ఇది చాలా తక్కువ.

ఉత్తరం చివర చిన్నగా రాసిన మాట కూడా చదివాను. సభలో కథ చదవమంటే నీ యాస విని నవ్వుతారేమోనని టెన్షన్ పడుతున్నానన్నావు. కొందరు నవ్వొచ్చు, నవ్వరని నేను అబద్ధం చెప్పను. కానీ యాస మార్చుకుని చదవొద్దు. అలవాటు లేని ఉచ్చారణకు వినేవాళ్ళ చెవి ఒక నిమిషంలోపే సర్దుకోవడం మొదలుపెడుతుందని 2004లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఆ మొదటి నిమిషం నీ చేతిలో ఉంది. కథ పేరు, పాత్రల పేర్లు నిదానంగా చెప్పు. తప్పిపోయినా నష్టం లేని నాలుగు వాక్యాలు ముందు పెట్టుకో. ఆ తర్వాత నీ మామూలు వేగంతో చదువు.

ఆశీస్సులతో.