మాది చిత్తూరు జిల్లా, తాతకు పైన ఎవరి పేరూ తెలీదు. మా ఇంటిపేరు ఎక్కడిదో, పూర్వీకులు ఎవరో ఎలా కనుక్కోవాలి?

మీ ఇంటిపేరు నెట్‌లో వెతికితే తలా ఒక అర్థం చెప్తున్నారని రాశారు. నేను తిరుపతిలో ఉంటాను, మా సొంతూరు పాత కార్వేటినగరం జమీందారీలోని ఒక పల్లె. కొన్నేళ్లుగా ఇదే పని మీద ఉన్నాను, ముత్తాతను దాటి ఇంకా పైకి వెళ్లగలిగాను. ఆ అనుభవంతో చెప్తున్నా, ఇంటిపేరు అర్థం దగ్గర మొదలుపెట్టకండి, భూమి కాగితాల దగ్గర మొదలుపెట్టండి.

ఇంటిపేరు ఒక్కటే పట్టుకుంటే ఎటూ తేలదు. తరిగొండ వెంగమాంబనే చూడండి, ఆమె పుట్టింటివాళ్లు కానాల వారు, కానీ లోకానికి ఆమె తన ఊరి పేరుతో తరిగొండ వెంగమాంబే. ఊరి పేరు ఇంటిపేరు అయ్యిందంటే మామూలుగా ఆ కుటుంబం ఆ ఊరు వదిలి వచ్చాకే అయ్యుంటుంది, సొంతూళ్లో ఉన్నన్నాళ్లూ అందరిదీ అదే ఊరు కాబట్టి ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఒకే ఊరి నుంచి వేర్వేరు కులాలవాళ్లు వలస పోతే అందరికీ అదే ఇంటిపేరు పడుతుంది, అందుకే ఇంటిపేరు కలిసిన ప్రతివాళ్లూ దాయాదులు కారు. పైగా మన జిల్లాలో ఫలానా వారిపల్లె, ఫలానా గారిపల్లె అని ఎన్ని ఊళ్లున్నాయో మీకు తెలుసు. అక్కడ ఊరి పేరే ఇంటిపేరు నుంచి వచ్చింది. మీ ఇంటిపేరుతో ఒక పల్లె కనబడగానే మన మూలం ఇదే అనుకోవద్దు, మీవాళ్లే వేరే చోటు నుంచి వచ్చి దాన్ని కట్టి ఉండొచ్చు.

ఇక కాగితాలు. ఇంట్లో ట్రంకు పెట్టెలు, మిద్దె మీద మూటలు, పెద్దనాయన వాళ్లింట్లో, చిన్నాయన వాళ్లింట్లో ఉన్నవి కూడా అడిగి చూడండి. ఆస్తి గొడవ ఏమైనా తెస్తున్నారేమో అని టెన్షన్ పడతారు, కాబట్టి పేర్ల కోసమే అని ముందే చెప్పండి. పాత క్రయపత్రం దొరికితే కొన్నవాడు, అమ్మినవాడు, వాళ్ల తండ్రుల పేర్లు చూసి పక్కన పెట్టేస్తారు చాలామంది. అసలు సరుకు చెక్కుబందీలో, అంటే భూమికి నాలుగు వైపులా హద్దులు రాసిన చోట ఉంటుంది. మాకు దొరికిన ఒక పత్రంలో తూర్పు హద్దు దగ్గర "నా అన్న గారి చేను" అని ఉంది, పక్కనే ఆ అన్న పేరు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని పేరు అది. ఆ పేరు పట్టుకుని వెళ్తే నగరి వైపు స్థిరపడిన మా దాయాదులు దొరికారు, వాళ్ల దగ్గర మాకంటే పాత కాగితాలున్నాయి. పత్రం చివర సాక్షుల సంతకాలు, వేలిముద్రల పక్కన రాసిన ఊళ్ల పేర్లు కూడా వదలకండి, సాక్షులు చాలాసార్లు బంధువులే. సత్యవేడు, నగరి వైపు పాత పత్రాలు అరవంలోనూ ఉంటాయి, చదివి పెట్టేవాళ్లను చూసుకోండి.

ఇంట్లో ఏమీ లేకపోతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసే దిక్కు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి పాత ఇండెక్స్ పుస్తకాల్లో పేరు మీద వెతికించుకుని నకలు తీసుకోవాలి. ఓపిక కావాలి. గుమాస్తాకు సర్వే నంబరు, సుమారు సంవత్సరం చెప్పగలిగితే పని సులువు.

వెతికే ముందు మీ ఊరు అప్పట్లో ఏ జిల్లాలో ఉండేదో ఖాయం చేసుకోండి, లేకపోతే ఉన్న రికార్డు కూడా లేదనే అంటారు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరైంది, అది అందరికీ గుర్తే. అసలు చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాడులో, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి, సత్యవేడు వైపు ఊళ్లు మనకు వచ్చాయి. అందుకే పాత రెవెన్యూ కాగితాల కోసం చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్ దాకా పోవాల్సి రావచ్చు. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు లాంటి జమీందారీ ఊళ్లకైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు రైతుల లెక్కలు జమీందారు దగ్గరే ఉండేవి, సర్కారు దగ్గర దొరికేది తక్కువ. అలాంటి చోట పాత కరణాల ఇళ్లు అడగండి. 1984లో కరణం ఉద్యోగాలు రద్దయ్యాయి గానీ, కొన్ని ఇళ్లలో లెక్కల పుస్తకాలు ఇంకా ఉన్నాయి. మీవాళ్లకు ఎప్పుడైనా ఇనాం భూమి (సేవకో, దానంగానో పాలకులు ఇచ్చిన భూమి) ఉంటే మీ అదృష్టం. 1858లో ఇనాం కమిషన్ వేశాక రాసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో ఇనాం ఎవరికిచ్చారు, దేనికిచ్చారు, అప్పటికి ఎవరు అనుభవిస్తున్నారు అని ఉంటుంది.

పేర్లు చేతికొచ్చాక ఒక చిక్కు వస్తుంది. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒక తరం వదిలి ఒక తరం అదే పేరు తిరుగుతుంది. పత్రం మీది సంవత్సరం, తండ్రి పేరు రెండూ కలవకుండా ఇతనే మా ముత్తాత అని రాసుకోవద్దు. తద్దినాలు పెట్టే ఇల్లయితే తండ్రి, తాత, ముత్తాత పేర్లు పురోహితుడి ముందు చెప్పాల్సిందే కాబట్టి మూడు తరాలు ఎవరికో ఒకరికి నోటికి వచ్చి ఉంటాయి, ముందు వాళ్లను పట్టుకోండి.

కాగితం ఆగిపోయిన చోట ఇలవేల్పు దారి చూపిస్తుంది. తిరుమల కొండ అందరికీ ఉంది, దాని గురించి కాదు. మీ ఇంట్లో పిల్లల పుట్టు వెంట్రుకలు ఎక్కడ తీస్తారు, పెళ్లికి ముందు ఏ అమ్మవారికి పొంగళ్లు పెడతారు? ఇప్పుడు ఉండే ఊరికి సంబంధం లేని ఏ పల్లెకో పని కట్టుకుని వెళ్తున్నారంటే, మీవాళ్లు ఒకప్పుడు అక్కడ ఉన్నారనడానికి అంతకంటే గట్టి గుర్తు నాకు తెలిసి లేదు. మేము వెళ్లే గుడి పూజారి మాతో పాటు ఇంకా ఏయే ఊళ్లవాళ్లు వస్తారో గడగడా చెప్పేశాడు. అందులో సగం మా దాయాదులే. రెడ్లు, కాపుల ఇళ్లయితే వంశాలు, గోత్రాలు చెప్పే పిచ్చిగుంట్లవారిని కూడా కనుక్కోండి, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు. వాళ్లలో పెద్దవాళ్లకు మన తాతల పేర్లు మనకంటే బాగా తెలుసు.

తిరుమల శాసనాల్లో మావాళ్లు ఉంటారా అని కూడా అడిగారు. దానధర్మాలు చేసిన పెద్ద కుటుంబాలైతే ఉండొచ్చు. శాసనాలు ఎక్కువ అరవంలోనే ఉన్నాయి, 1930ల్లో దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది. తాళ్ళపాక వారివి చూస్తే భారద్వాజ గోత్రం, ఆశ్వలాయన సూత్రం, ఫలానా వారి కుమారుడు అని వరసగా చెక్కి ఉంటుంది, చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. మనలాంటి సేద్యగాళ్ల ఇళ్లకు మాత్రం అక్కడ దొరికేది తక్కువే.

చివరగా, ఇవన్నీ మగవాళ్ల వరసే చెప్తాయి. పత్రాల్లో ఆడవాళ్లు ఫలానావాడి భార్య అని వచ్చి పోతారు, వాళ్ల పుట్టింటి ఇంటిపేరు ఎక్కడా ఉండదు. మీ అవ్వ, అమ్మమ్మ, మేనత్తలు ఉంటే ఈ ఆదివారమే వెళ్లి ఫోన్‌లో రికార్డు ఆన్ చేసి కూర్చోండి. పుట్టినూరు ఏది, పుట్టింటి ఇంటిపేరు ఏంటి, వాళ్లమ్మది ఏ ఊరు, ఏ కరువులో ఎక్కడికి వలస పోయారు, ఇవన్నీ అడగండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చే నెల పోయినా ఏం కాదు.