క్రియాటినిన్ నార్మలే, మరి మూత్రంలో అల్బుమిన్ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 54 ఏళ్లు. షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది. క్రియాటినిన్ 1.0. ఈసారి మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి 86 వచ్చిందని మా డాక్టరు గారు టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర రాశారు. నా బీపీ 134/84 మాత్రమే. బీపీ మాత్రలు వాడితే కిడ్నీలు పోతాయని మా బావమరిది అంటున్నాడు. వేసుకోమంటారా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వేసుకోండి. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తం నుంచి బయటికి పంపే వ్యర్థం, చాలా ఆలస్యంగా బయటపడే మనిషి లాంటిది. కిడ్నీల పనితనం దాదాపు సగం పోయేదాకా చాలామందిలో అది నార్మల్ హద్దులు దాటదు. మీ వయసుకు 1.0 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) సుమారు 89, అది బాగానే ఉంది. అయితే కిడ్నీలోని వడపోత జల్లెడకు చిల్లులు పడటం అంతకన్నా ముందే మొదలవుతుంది, దాన్ని పట్టిచ్చేది మూత్రంలోకి కారే అల్బుమిన్ అనే ప్రోటీనే. నిష్పత్తి 30 లోపు నార్మల్, 30 నుంచి 300 దాకా తొలిదశ, ఆపైన ముదిరినట్టు. మామూలు మూత్రపరీక్షలో ‘అల్బుమిన్ నిల్’ అని రాసినా ఈ తొలిదశ దొరక్కపోవచ్చు. అందుకే ఏసీఆర్ (అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి) అని పేరు పెట్టి అడగాలి.

అలాగని ఒక్క రిపోర్టుతో కంగారుపడొద్దు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ముందురోజు బాగా ఒళ్లు అలిసే పని, అదుపు తప్పిన షుగరు కూడా ఈ అంకెను పెంచుతాయి. మూడు నుంచి ఆరు నెలల్లో తెల్లవారగానే పోసే మూత్రంతో మళ్లీ చేయించండి. మూడు పరీక్షల్లో రెండుసార్లు 30 దాటితేనే ఖాయం. ఒక చిన్న సీసా నమూనా చాలు, 24 గంటలు డబ్బాలో పట్టనక్కర్లేదు.

టెల్మిసార్టాన్ ఇక్కడ చేసే పని బీపీ తగ్గించడం ఒక్కటే కాదు. జల్లెడ నుంచి రక్తం బయటికి వెళ్లే సన్నని నాళాన్ని వదులు చేస్తుంది. లోపలి ఒత్తిడి దిగి అల్బుమిన్ కారడం తగ్గుతుంది. ఆ ఒత్తిడి తగ్గడం వల్లే మొదట్లో క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు. బావమరిది గారి మాట అక్కడే పుట్టి ఉంటుంది. 30 శాతం లోపు పెరిగితే మందు మానక్కర్లేదు. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూపించుకోండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం డాక్టర్ని అడిగి తాత్కాలికంగా ఆపాలి.

డాపాగ్లిఫ్లోజిన్ గురించి కూడా అడగండి. షుగరు తగ్గించడంతో పాటు విడిగా కిడ్నీనీ కాపాడే మాత్ర అది. మన దేశంలో పేటెంటు ముగిశాక ధర బాగా దిగింది. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి మర్మాంగాల దగ్గర దురద, ఫంగస్ రావచ్చు, శుభ్రత ముఖ్యం. ఆపరేషన్ ఉంటే మూడు రోజుల ముందు ఆపాలి. తిండి సహించనప్పుడు, కటిక ఉపవాసాల్లో కూడా వద్దు.

బీపీ 130/80 లోపు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 7 దరిదాపుల్లో ఉండాలి. ఇక ఉప్పు. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, అదీ ఆవకాయ, అప్పడాలు, వడియాలు కలుపుకొని. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. నెల తిరక్కుండానే అయిపోతుంటే లెక్క మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మగారికి 66 ఏళ్లు. క్రియాటినిన్ 1.5. మెట్‌ఫార్మిన్ రోజుకు 2 గ్రాములు, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. ఈమధ్య షుగరు 65కి కూడా దిగుతోంది, తగ్గిపోయినట్టేనా? మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో మాత్రలు తెచ్చుకుంటారు. – ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: కాదమ్మా, ఇది సంతోషించాల్సిన తగ్గుదల కాదు. ఆమె ఈజీఎఫ్ఆర్ సుమారు 38. ఇన్సులిన్‌ను, గ్లిమెపిరైడ్ అవశేషాలను బయటికి పంపడంలో కిడ్నీలకు వాటా ఉంది. అవి మందగిస్తే మందు ఒంట్లోనే నిలిచి షుగరు పడిపోతుంది. 70 లోపుకి వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఈ వారమే డాక్టర్ని కలిసి గ్లిమెపిరైడ్ తగ్గించడమో మార్చడమో చేయించండి. ఈజీఎఫ్ఆర్ 45 కన్నా దిగితే మెట్‌ఫార్మిన్ రోజుకు 1 గ్రాముకు మించకూడదు, 30 కన్నా దిగితే పూర్తిగా ఆపాలి.

నొప్పి మాత్రల స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఉంటే పక్కన పెట్టేయండి. ఇవి కిడ్నీలోకి వచ్చే రక్తనాళాన్ని బిగిస్తాయి. బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర వాడేవాళ్లలో ఇవీ తోడైతే కొద్దిరోజుల్లోనే కిడ్నీ దెబ్బతినొచ్చు. పారాసెటమాల్ విడిగా వాడొచ్చు, కానీ ఎసెక్లోఫెనాక్ కలిపినదీ దొరుకుతుంది, జాగ్రత్త. ‘తక్కువ సోడియం’ ఉప్పు కూడా ఈ స్థితిలో వద్దు. అందులో సోడియం బదులు పొటాషియం వేస్తారు, కిడ్నీలు మందగిస్తే అది ఒంట్లో పేరుకుంటుంది.

ప్రశ్న: మాది ఉద్దానం. షుగరు ఉంది. ఏసీఆర్ 18 వచ్చింది. కిడ్నీలు బాగున్నట్టేనా? – ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ ఒక్క పరీక్షతో చెప్పలేం. మీ ప్రాంతంలో షుగరు లేనివాళ్లకూ కిడ్నీ జబ్బు వస్తోంది, ఆ రకంలో అల్బుమిన్ పెద్దగా పోదు. కాబట్టి మీకు క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ తప్పనిసరి. కంటి రెటీనా పరీక్షా చేయించండి. కంట్లో షుగరు మచ్చలు లేకుండానే ఈజీఎఫ్ఆర్ 60 కంటే దిగితే, కారణం షుగరే అని అనుకోకుండా నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టర్ని) కలవండి.