పేరున్న కాలేజీ కోసం పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది సూర్యాపేట. ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు నడుపుతున్నాను. మా అబ్బాయికి ఎప్‌సెట్‌లో 31 వేల ర్యాంకు వచ్చింది. ర్యాంకు మీద సీటిచ్చే కన్వీనర్ కోటాలో హైదరాబాద్ శివారులోని ఒక మామూలు కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) డేటా సైన్స్ ఇచ్చారు, ఫీజు ఏడాదికి 85 వేలు. రీయింబర్స్‌మెంట్ మాకు రాదు. ఈలోపు తెలిసినాయన ఒకరు బాగా పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ ఇప్పిస్తానంటున్నాడు. 12 లక్షలు ముందు ఇవ్వాలట, ఫీజు ఏడాదికి లక్షా 60 వేలు వేరే. ఎకరం పొలం అమ్మితే సరిపోతుంది. రేపు సంబంధాలు చూసేటప్పుడు కూడా కాలేజీ పేరు అడుగుతారని నా భార్య అంటోంది. సోమవారంలోపు అడ్వాన్సు ఇవ్వమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పొలం అమ్మకండి. సోమవారం అన్నారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. కారణాలు తర్వాత నిదానంగా చదవండి, ఆ అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.

ముందు లెక్క చూద్దాం. మేనేజ్‌మెంట్ సీటుకి 12 లక్షలు, నాలుగేళ్ల ఫీజు 6 లక్షల 40 వేలు, మొత్తం 18 లక్షల 40 వేలు. కన్వీనర్ సీటుకి నాలుగేళ్ల ఫీజు 3 లక్షల 40 వేలు. హాస్టల్ ఖర్చు ఎక్కడైనా ఉండేదే, దాన్ని పక్కన పెట్టండి. తేడా 15 లక్షలు. ఇదే 15 లక్షలు 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే బాబు బీటెక్ పూర్తయ్యేసరికి 19 లక్షల 60 వేలు దాటుతాయి. పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది, అంటే చేతికి నెలకి 30 వేలు కూడా రావు. పేరున్న కాలేజీలోనూ ఎక్కువమంది చేరేది ఈ ఉద్యోగాల్లోనే. అక్కడ చదివి అదే ఉద్యోగంలో చేరితే ఆ 15 లక్షలు తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో షాపు నడిపే మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక ఆ 12 లక్షల సంగతి. దానికి రసీదు ఇస్తారా అని అడిగి చూడండి. ఇవ్వరు, ఎందుకంటే క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం మామూలు ఫీజు కాకుండా పైన గుంజే డబ్బు, తీసుకోకూడదని ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం వచ్చింది. రసీదు లేదంటే బ్యాంకు లోను ఇవ్వదు, రేపు బాబు ఆర్నెల్లకే నచ్చలేదని వచ్చేసినా అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు, మధ్యలో ఉన్న ఆ తెలిసినాయన ఫోను ఎత్తకపోయినా చేసేదేమీ ఉండదు. బి-కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా సీట్లకి కూడా నోటిఫికేషన్, దరఖాస్తు, మెరిట్ లిస్టు ఉంటాయి. దళారీతో పనిలేదు.

అయితే కాలేజీ పేరుకి విలువే లేదని నేను అనను. ఇరవై ఏళ్లు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాను, అందులో ఆరేళ్లు ప్లేస్‌మెంట్ సెల్‌లో ఉన్నాను. పేరున్న కాలేజీకి వచ్చే కంపెనీలు వేరు, మంచి జీతమిచ్చే కొన్ని కంపెనీలు మామూలు కాలేజీల గేటు కూడా తొక్కవు. అంతకన్నా విలువైనది పక్క బెంచీ. పక్కన కూర్చున్నవాడు రాత్రి పదింటికి కూర్చుని కోడింగ్ చేస్తుంటే మనవాడూ కూర్చుంటాడు, పక్కవాడు బైకు తీస్తే మనవాడూ వెనకెక్కుతాడు. అయితే ఆ పేరు ఒకప్పుడు బ్రాంచికి ఒకటి రెండు సెక్షన్లు ఉన్న రోజుల్లో ర్యాంకు మీద వచ్చిన పిల్లలు తెచ్చిపెట్టింది. 2024-25 నుంచి ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ సీట్ల మీద గరిష్ఠ పరిమితి ఎత్తేసింది, చాలా కాలేజీలు సీఎస్ఈలో సెక్షన్ల మీద సెక్షన్లు పెంచుకున్నాయి. అన్ని సెక్షన్లకీ మంచి లెక్చరర్లు ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తారు? మీరు కొంటున్నది పాత పేరు, మీవాడు కూర్చునేది కొత్త సెక్షన్‌లో.

ఒక సంగతి చెప్తాను. నేను ప్లేస్‌మెంట్ సెల్‌లో ఉండగా అడ్మిషన్ల సీజన్ రాగానే గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టేవాళ్లం. ఒక ఏడాది దానికి ఫొటోలు సర్దింది నేనే. ఒకమ్మాయికి మూడు కంపెనీల్లో ఆఫర్లు వచ్చాయి, ఫొటో మూడు చోట్ల వేశాం, లెక్కలో మూడు ఆఫర్లు రాశాం. ఆ అమ్మాయి చేరింది ఒక్క కంపెనీలో. ఫ్లెక్సీ అడుగున ‘మొత్తం ఆఫర్లు’ అని మూరెడంత అంకె. ఓ మధ్యాహ్నం చంకలో సర్టిఫికెట్ల ఫైలు పెట్టుకుని ఒక తండ్రి ఆ అంకెని ఫోన్లో ఫొటో తీసి ఇంటికి పంపడం చూశాను. ఆరోజు వెళ్లి ఆయనకి నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అందుకే మీకింత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి ఫ్లెక్సీ చూడకండి, హయ్యెస్ట్ ప్యాకేజీ అసలే చూడకండి. కేంద్రం కాలేజీలకి ఏటా ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే కాలేజీలు ఇచ్చిన వివరాల పత్రం వాటి వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది టైముకి పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, మీడియన్ జీతం ఎంత అనేవి అందులో ఉంటాయి. మీడియన్ అంటే ఉద్యోగం వచ్చినవాళ్లందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం. మీవాడి పరిస్థితికి దగ్గరగా ఉండేది ఆ మధ్యవాడిదే. రెండు కాలేజీల పత్రాలూ తీసి పక్కపక్కన పెట్టుకోండి. చదువు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచిల వారీగా ఇస్తారు, మీకు వచ్చిన బ్రాంచికి ఉందో లేదో చూడండి. తర్వాత బాబుని తీసుకుని ఓ పనిరోజు సాయంత్రం నాలుగింటికి ఆ మామూలు కాలేజీ బస్సులు బయల్దేరే చోటికి వెళ్లండి, మూడో ఏడాది పిల్లలు ఇద్దరు ముగ్గురిని ఆపి ల్యాబులు నడుస్తాయా, సార్లు మధ్యలో మానేసి పోతున్నారా, పోయినేడాది ఏ కంపెనీలు వచ్చాయి అని అడగండి. పిల్లలు దాచరు.

ఆ కాలేజీ మరీ బాగోలేదని తేలితే తర్వాతి విడత కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు మార్చుకోండి. సీఎస్ఈయే కావాలని పట్టుబట్టకుండా కాస్త మంచి కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వస్తే నేనైతే తీసుకోమంటాను, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈసీఈ వాళ్లనీ తీసుకుంటాయి. ఉద్యోగాల కోసం పెట్టే టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి పరీక్షలు ఏ కాలేజీ వాళ్లయినా రాయొచ్చు. బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) లేకుండా టెన్త్ నుంచి బీటెక్ దాకా 60 శాతం పైన ఉంటే చాలా కంపెనీలు పరీక్షకి కూర్చోనిస్తాయి. ఆ 15 లక్షల్లో ఓ అరవై వేలు పెట్టి మంచి ల్యాప్‌టాప్ కొనివ్వండి చాలు. రెండు మూడేళ్లు ఉద్యోగం చేశాక ఏం పని వచ్చు అని అడుగుతారు, ఏ కాలేజీ అని అడిగేవాళ్లు బాగా తగ్గిపోతారు. ఇక సంబంధాల మాట. ఆ ఎకరం మిగిలి ఉంటే దాని గురించి కూడా అడుగుతారని మీ ఇంటావిడకి చెప్పండి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటున్నాం, ఇద్దరం ఐటీలోనే. పాపకి మా స్టేట్ యూనివర్సిటీలోనూ, ఒక పెద్ద ప్రైవేట్ యూనివర్సిటీలోనూ సీటు వచ్చింది. ప్రైవేట్‌లో అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు. యూనివర్సిటీ నుంచి ఆర్థిక సాయం (ఎయిడ్) రాలేదు. బంధువులందరూ పెద్ద పేరు వదులుకోవద్దంటున్నారు.

జవాబు: స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకున్నారు. 1976లో కాలేజీలో చేరిన అమెరికన్ విద్యార్థుల వివరాలు తీసుకుని 2002లో అధ్యయనం ప్రచురించారు. పెద్ద కాలేజీల్లో సీటు వచ్చి కూడా అంత పేరు లేని కాలేజీలో చేరినవాళ్లు తర్వాత ఆ పెద్ద కాలేజీల్లో చదివినవాళ్లతో దాదాపు సమానంగానే సంపాదించారని తేలింది. సీటు తెచ్చుకున్న తెలివి, కష్టపడే గుణం పిల్లతోపాటే వెళ్తాయి కదా. ఎయిడ్ వచ్చి ఉంటే నా మాట వేరేగా ఉండేది. హార్వర్డ్ లాంటివి ఇప్పుడు కుటుంబ ఆదాయం 2 లక్షల డాలర్ల లోపు ఉంటే ట్యూషన్ ఫీజే తీసుకోవడం లేదు. మీది ఆ పరిస్థితి కాదు, పూర్తి ఖర్చు మీదే. స్టేట్ యూనివర్సిటీలో ఆనర్స్ ప్రోగ్రామ్ ఉంటే అందులో చేర్చండి, మిగిలిన డబ్బు పాప మాస్టర్స్‌కి పనికొస్తుంది. ఇప్పటి నుంచే మీ రిటైర్మెంట్ సొమ్ము తీయకండి.

ఆ అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది. పేరున్న కాలేజీ వల్ల ఎక్కువ మేలు జరిగింది తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకి. కింది ఉత్తరం అలాంటి అమ్మాయిదే.

ప్రశ్న: నాన్న మండపేటలో రైస్ మిల్లు గుమాస్తా, ఏడాదికి మూడు లక్షల లోపే. నాకు తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఈసీఈ వచ్చింది. హైదరాబాద్ బిట్స్‌లో కంప్యూటర్ సైన్స్ కూడా వచ్చేలా ఉంది, కానీ హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకి పాతిక లక్షలు దాటుతుందట. పక్కనున్న గూడేనికి వెళ్లడానికా ఇంత చదివావు అని మామయ్య అంటున్నారు. లోను తీసుకుంటే తప్పా?

జవాబు: తప్పు కాదు తల్లీ, ఈ రెండు సీట్లూ నువ్వు కష్టపడి తెచ్చుకున్నవే. బిట్స్‌లో మేనేజ్‌మెంట్ కోటా లేదు, అక్కడ పక్క బెంచీలో కూర్చునేది కూడా నీలాగే పరీక్ష రాసి వచ్చినవాళ్లే. ఇంట్లో డబ్బుండి ఉంటే నేను బిట్సే అనేదాన్ని.

కానీ లోను లెక్క చూడు. ఏడాదికి 5 లక్షల చొప్పున 20 లక్షలు తీసుకున్నావనుకో, వడ్డీ 10 శాతం. చదువయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు కట్టనక్కర్లేదు, కానీ వడ్డీ మొదటి రోజు నుంచే పడుతుంది. రాయితీ ఏదీ లేకపోతే ఆ ఐదేళ్లకి మామూలు వడ్డీయే 7 లక్షలు. 27 లక్షలు పదేళ్లలో తీర్చాలంటే నెలకి 35 వేలు పైన కట్టాలి. నీకు మంచి ప్యాకేజీ వస్తే కట్టేస్తావు. నువ్వు డిగ్రీ తీసుకునే ఏడాది మార్కెట్ బాగోలేకపోతే? అప్పుడు ఆ వాయిదా మీ నాన్న గుమాస్తా జీతం కన్నా ఎక్కువ. ఆ భయంతో పైచదువు వదిలేసి, నచ్చని ఉద్యోగంలో చేరిన పిల్లలు నాకు తెలుసు.

ఎన్ఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా 25 వేలు. కుటుంబ ఆదాయం లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే అందులో మూడింట రెండొంతులు మాఫీ, అంటే నీకు 42 వేల లోపే. హాస్టల్, మెస్ ఖర్చుకి కావాలంటే చిన్న లోను తీసుకో. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకం తెచ్చింది, ఎంపిక చేసిన మంచి సంస్థల్లో సీటు వస్తే ఆస్తి తాకట్టు, హామీదారు లేకుండా లోను ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవాళ్లకి 10 లక్షల దాకా లోను మీద వాయిదాలు మొదలయ్యేదాకా వడ్డీ రాయితీ కూడా ఉంది. పోర్టల్‌లో నీ కాలేజీ ఉందో లేదో చూసి దరఖాస్తు పెట్టు.

గూడెం ఎన్ఐటీ 2015లో మొదలైంది. వరంగల్ అంత పాత పేరు లేదు నిజమే, కానీ అది కూడా జేఈఈ ర్యాంకు మీదే సీటిచ్చే జాతీయ సంస్థ. మామయ్యగారికి ఇంటికి దగ్గరని చిన్నచూపు, అంతే. బిట్స్‌లో మెరిట్, అవసరం రెండూ చూసి ఫీజు తగ్గించే స్కాలర్‌షిప్ ఉంది. అది ఎంత వస్తుందో చేరకముందే ఖాయంగా తెలిసి, మొత్తం అప్పు 8-10 లక్షలు దాటకపోతే అప్పుడు మళ్లీ ఆలోచించు. లేదంటే గూడెం.

ఎన్ఐటీ సీట్ల కౌన్సెలింగ్ నడిపే జోసాలో సీటు అంగీకరించే ఫీజు కట్టడానికి గడువు ఉంటుంది, అది దాటితే సీటు పోతుంది. వరంగల్ లాంటిది ఆప్షన్లలో పైన పెట్టి ఉంటే ఫ్రీజ్ (ఈ సీటే చాలు అనడం) చేయకుండా ఫ్లోట్ (ఇది ఉంచుకుని పై ఆప్షన్ కోసం చూడడం) పెట్టు, వస్తే పైకి వెళ్తావు, రాకపోతే ఇదే ఉంటుంది. ఫీజు మాఫీకి ఈ ఆర్థిక సంవత్సరం ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలి. రేపు మిల్లుకి వెళ్లేముందు సచివాలయంలో దరఖాస్తు ఇచ్చి వెళ్లమని నాన్నగారికి చెప్పు.