ట్యాబ్లెట్‌లో మైనం ఉంటే ఒంట్లో పేరుకుపోతుందా?

ప్రశ్న: నా వయసు 44. రక్తం తక్కువగా ఉందని మూడు నెలలుగా ఐరన్, విటమిన్లు కలిసిన స్లో రిలీజ్ ట్యాబ్లెట్ రోజుకొకటి వేసుకుంటున్నాను. మొదలుపెట్టినప్పుడు హిమోగ్లోబిన్ 9.6, మొన్న చూపించుకుంటే 9.9. రెండుసార్లు మలంలో ట్యాబ్లెట్ డొల్లలాంటిది కనిపించింది. భయమేసి డబ్బా మీద చదివితే కార్నౌబా వ్యాక్స్, తేనెమైనం అని ఉంది. మైనం కడుపులో కరిగి రక్తనాళాల్లో గడ్డకడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అప్పటి నుంచి ట్యాబ్లెట్‌ను వేడినీళ్లలో కడిగి, గుడ్డతో గట్టిగా రుద్ది వేసుకుంటున్నాను. మావారేమో కొలెస్ట్రాల్ తగ్గుతుందని చెరకు మైనం నుంచి తీసిన క్యాప్సూల్స్ మొదలుపెట్టారు. తనకు డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్ర మానేద్దామా అని కూడా అంటున్నారు. దయచేసి సలహా ఇవ్వండి.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ట్యాబ్లెట్‌లోని మైనం కరిగి రక్తంలో కలవదు, రక్తనాళాల్లో పేరుకోదు. కార్నౌబా మైనం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. తేనెమైనానికైనా 60 దాటాలి. మన ఒంటి వేడి 37. కరగడం అటుంచితే, మైనాన్ని అరిగించుకునే శక్తి మన పేగులకు చాలా తక్కువ. నూనెల్ని, కొవ్వుల్ని విడగొట్టే ఎంజైములు మైనం మీద సరిగా పనిచేయవు. కొద్దిపాటి భాగం ఒంట్లోకి చేరినా మామూలు కొవ్వు ఆమ్లాల్లాగే ఖర్చయిపోతుంది. మిగతాది మలంతో బయటికి పోతుంది. ఎస్కొలార్ అనే సముద్రపు చేప మాంసంలో నూనె చాలావరకు మైనం జాతిదే. అది ఎక్కువగా తిన్నవాళ్లకు ఆ నూనె అరగక, తెలియకుండానే విరేచనంలా కారిపోతుంది. మైనం బాగా ఎక్కువైతే జరిగేది అదీ, రక్తనాళాలు పూడుకుపోవడం కాదు.

ఈ భయానికి మా డాక్టర్లం కూడా కొంత కారణమేనేమో. కొలెస్ట్రాల్ గురించి చెప్పేటప్పుడు ‘మైనంలాంటి పదార్థం’ అంటుంటాం. చూడటానికి, తాకడానికి అలా ఉంటుందని పోలిక చెప్పడమే తప్ప అది మైనం కాదు.

కార్నౌబా అనేది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు. ఎండకు ఆకులోని తేమ ఆవిరైపోకుండా ఆ చెట్టు ఆకు మీద మైనం పూత పూసుకుంటుంది. ఆకుల్ని కోసి, ఎండబెట్టి, బాదితే ఆ మైనం పొడిలా రాలుతుంది. శుద్ధి చేసి ట్యాబ్లెట్లకు మెరుగు పెట్టడానికి వాడతారు. ట్యాబ్లెట్లు ఒకదానికొకటి అంటుకోవు, గొంతులో సులువుగా జారతాయి. పిల్లలు తినే విటమిన్ గమ్మీలు డబ్బాలో ముద్దగా అతుక్కుపోకుండా ఉండేదీ ఇలాంటి పూత వల్లే. తేనెమైనం పని వేరు. మెత్తటి జెల్ క్యాప్సూల్స్‌లో నూనె, పొడి కలిపి నింపినప్పుడు పొడి అడుక్కి దిగిపోకుండా నూనెను చిక్కబరిచేది అదే. లేబుల్ మీద పేరు లేకపోతే నంబరు ఉంటుంది: 901 అంటే తేనెమైనం, 903 అంటే కార్నౌబా.

ఇక ఎంత తింటున్నామన్నది చూద్దాం. ఆహారంలో కలిపే పదార్థాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం కార్నౌబా మైనానికి పెట్టిన పరిమితి, రోజుకు ఒంటి బరువులో కిలోకు 7 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 420 మిల్లీగ్రాములన్నమాట. ఒక ట్యాబ్లెట్‌కు మెరుగు పెట్టడానికి పట్టేది సాధారణంగా ఒక మిల్లీగ్రాము లోపే.

ఇప్పుడు మలంలో కనిపించిన డొల్ల సంగతి. ఇలాగే ఒకావిడ దాన్ని టిష్యూ కాగితంలో చుట్టి నా గదికి తెచ్చి, వణుకుతున్న చేతులతో విప్పి చూపించారు. చూస్తే ట్యాబ్లెట్ ఆకారం చెక్కుచెదరలేదు. పుల్లతో నొక్కగానే మెత్తగా అణిగిపోయింది, లోపల ఏమీ లేదు. కొన్ని స్లో రిలీజ్ ట్యాబ్లెట్లలో మందును మైనంతో కలిపి గట్టిగా అదుముతారు. స్పాంజిలోంచి నీరు ఊరినట్టు మందు కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. మందంతా పోయాక మిగిలిన చట్రం అలాగే విసర్జనలో వచ్చేస్తుంది. మీకు కనిపించింది కూడా చాలావరకు అదే అయ్యుంటుంది. అయితే లోపల గట్టిగా, నిండుగా ఉంటే మాత్రం ట్యాబ్లెట్ విడవకుండానే బయటికి వచ్చేసిందని అర్థం. అప్పుడు ఆ మాత్ర మార్చాలి.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మైనం కాదు, ఆ రెండు అంకెలు. మూడు నెలలు ఐరన్ వేసుకున్నాక 9.6 నుంచి 9.9 అంటే పెరగనట్టే లెక్క. ఐరన్ సరిగా ఒంటికి పడుతుంటే నాలుగు వారాల్లోనే హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. ఐరన్ ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. స్లో రిలీజ్ ట్యాబ్లెట్ తీరిగ్గా మందు వదిలేలోపు ఆ భాగం దాటిపోవచ్చు. అందుకే మీలాంటివాళ్లకు మామూలు ఐరన్ మాత్రే మేలని నా అభిప్రాయం. కడుపులో తిప్పినట్టుంటే మోతాదు తగ్గించి ఇవ్వొచ్చు. టీ, కాఫీ, కాల్షియం మాత్ర ఐరన్‌తో పాటు తీసుకుంటున్నారేమో చూసుకోండి. రెంటికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి.

మాత్ర మార్చడంతోనే సరిపెట్టకండి. రక్తం ఎందుకు తగ్గిందో తెలియాలి. 44 ఏళ్ల వయసులో నెలసరి ఎక్కువగా అవుతోందా, గర్భాశయంలో గడ్డలేమైనా ఉన్నాయా, మొలల నుంచో కడుపులో పుండు నుంచో రక్తం పోతోందా, ఇవన్నీ చూడాలి. ఐరన్ మాత్రలకు మలం నల్లబడటం మామూలే. కానీ తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే ఆలస్యం చేయొద్దు. కొందరికి పుట్టుకతోనే తలసీమియా లక్షణం ఉండి హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటుంది. ఐరన్ లోపం లేకపోతే వాళ్లకు ఎంత ఐరన్ ఇచ్చినా పెరగదు. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు ముందు చేయించండి.

ట్యాబ్లెట్‌ను కడగడం, రుద్దడం ఇవాళే ఆపేయండి. వేడినీళ్లకు మైనం పోదు. పైపూత దెబ్బతిని తేమ లోపలికి వెళుతుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి పొడిచేసి వేసుకుంటారు. స్లో రిలీజ్ మాత్రను పొడిచేసినా, నమిలినా గంటల తరబడి రావాల్సిన మందంతా ఒక్కసారే కడుపులో పడుతుంది. ఐరన్ అయితే కడుపునొప్పి, వాంతులు. రక్తపోటు, గుండె మందుల్లాంటివైతే ప్రమాదమే.

మీవారి క్యాప్సూల్స్ దగ్గరికి వద్దాం. చెరకు మైనం నుంచి తీసే ఆ పదార్థాన్ని పాలికోసనాల్ అంటారు. 1990లలో క్యూబాలో జరిగిన పరిశోధనల్లో ఇది కొలెస్ట్రాల్‌ను బాగా తగ్గిస్తోందని రాశారు. తర్వాత జర్మనీలో 143 మంది మీద రోజుకు 10 నుంచి 80 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి 12 వారాలు చూస్తే, ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా కనిపించలేదు. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. కాబట్టి దీన్ని నమ్ముకుని డాక్టరు రాసిన మాత్ర ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దని చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఈ క్యాప్సూల్స్ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. నన్నడిగితే ఆ డబ్బు ఖర్చు దండగ.

మైనం ఉన్న మాత్రలతో జాగ్రత్తపడాల్సినవాళ్లు కొందరున్నారు. పేగు సన్నబడిన జబ్బు ఉన్నవాళ్లు, పేగులకు ఆపరేషన్ అయినవాళ్లు, మింగడం కష్టమయ్యేవాళ్లు స్లో రిలీజ్ మాత్రలు వేసుకునే ముందు అడగాలి. అవి ఒకచోట ఇరుక్కుంటే అక్కడే మందు ఊరి పుండు పడొచ్చు. తేనెటీగల నుంచి వచ్చే ప్రోపొలిస్ లాంటివి పడనివాళ్లు తేనెమైనం ఉన్నవి వాడకపోవడమే మంచిది. జంతువుల నుంచి వచ్చినవేవీ తినని నియమం ఉంటే తేనెమైనంతో పాటు జెలటిన్, లక్క (904) కూడా లేబుల్‌లో చూసుకోవాలి. కార్నౌబా మైనం మాత్రం చెట్టు నుంచి వచ్చేదే.

ఈ వారంలోనే మీ డాక్టరును కలవండి. ఇద్దరి డబ్బాలూ, మూడు నెలల నాటి రిపోర్టూ, మొన్నటి రిపోర్టూ పట్టుకెళ్లండి. నెలసరి ఎన్ని రోజులు అవుతోందో, రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నారో ఒక కాగితం మీద రాసుకుని వెళితే ఆయన పని సగం తేలికవుతుంది.